అమ్మ పెళ్ళి జాకెట్టు 32 అంగుళాలు, ఇప్పుడు 40 కావాలి. దారి ఉందా?

గోదారిగట్టు_పిల్ల
వచ్చే నెల నాన్నగారి షష్టిపూర్తి. అమ్మానాన్నల పెళ్ళి 1989 వైశాఖంలో అయింది. ఆ రోజు సాయంత్రం అమ్మ కట్టుకున్నది మామిడిపండు రంగు ధర్మవరం పట్టుచీర, వంగపండు రంగు అంచు. ఏడాదికోసారి తీసి, గాలికి ఆరేసి, మడతలు మార్చి పెడుతూ వచ్చింది కాబట్టి చీర ఇప్పటికీ బాగుంది. అంచు రంగులోనే దాని జాకెట్టూ ఉంది. ఆ చీరా ఆ జాకెట్టే వేసుకుని నాన్న పక్కన కూర్చోవాలని అమ్మ కోరిక. ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఫలానాది కావాలని అడగని మనిషి ఇది అడిగింది.

చిక్కేంటంటే పెళ్ళినాటికి అమ్మకి ఇరవయ్యేళ్ళు. జాకెట్టు కొలిస్తే ఛాతీ చుట్టూ 32 అంగుళాలు ఉంది, ఇప్పుడు 40 కావాలి. చేతి చుట్టుకొలత 10, కావలసింది 13.5. పొడవు 13, కావలసింది 14.5. రెండు చోట్ల చూపించాను. ఇద్దరు టైలర్లూ "ఇది ఎక్కడికొస్తుందమ్మా, కొత్తది కుట్టించుకోండి" అనేశారు. గుడ్డకి చిరుగులు లేవు. చేతులకి నాలుగు వేళ్ళ జరీ అంచు, వీపు కింద కూడా సన్నగా అంచు ఉన్నాయి. ఎలాగైనా చెయ్యాలి. చెప్పండి.

పప్పుచారు_ప్రసాద్
8 అంగుళాలా! పక్కల విప్పితే రెండో మూడో వస్తాయి, అంతకంటే రావు. అదే రంగు గుడ్డ తెచ్చి కొత్తది కుట్టించెయ్యండి, ఎవరూ కనిపెట్టరు.

గోదారిగట్టు_పిల్ల
అమ్మ కనిపెడుతుంది కదండీ.

కుట్టుమిషన్_కుమారి
ముందు జాకెట్టు తిరగేసి పక్క కుట్లు చూడండి. పెళ్ళికూతురి జాకెట్టు కుట్టేటప్పుడు మంచి టైలరు లోపల గుడ్డ దండిగా వదిలి, రెండు మూడు వరసలు కుట్టేవాడు. పిల్లలు పుట్టాక ఒక్కో వరసా విప్పుకుంటూ పోవచ్చని. ఎన్ని వరసలున్నాయో, చివరి వరస అవతల ఇంకెంత గుడ్డ ఉందో కొలిచి పెట్టండి. అది తెలియకుండా ఎవరేం చెప్పినా గాల్లో లెక్కే.

గోదారిగట్టు_పిల్ల
చూశాను. మూడు వరసలున్నాయి, ఒక్కటీ విప్పలేదు. వీపు ముక్కకి ఒక్కో పక్క ముప్పావు అంగుళం వాడుకోవచ్చు, ఆపైన కుట్టుకి పావు అంగుళం మిగులుతుంది. ముందు ముక్కలకీ అంతే. చేతి కుట్టు లోపల అటు అర, ఇటు అర. అమ్మని అడిగితే "నా జాకెట్టు ఎప్పుడు విప్పుకున్నానే, పెళ్ళయ్యాక ఆ చీర రెండుసార్లే కట్టాను" అంది.

చీరాల_చిన్నమ్మాయి
అయితే నాలుగు అంచులకీ ముప్పావు చొప్పున 3 అంగుళాలు వచ్చినట్టే. ఇంకా 5 కావాలి. చీర లోపలి కొస నుంచి ముక్క తియ్యండి! బొడ్లో దోపుకునే భాగం ఎవరికీ కనపడదు, చీర వయసే ఆ ముక్కకీ ఉంటుంది. నేను మా అత్తగారి వెంకటగిరికి అలాగే చేశాను.

కుట్టుమిషన్_కుమారి
వెంకటగిరిలో ఒకే రంగు అయ్యుంటుంది. ఇక్కడ చీర మామిడిపండు, జాకెట్టు వంగపండు. లోపలి కొస కోస్తే వచ్చేది మామిడిపండు ముక్కే.

చీరాల_చిన్నమ్మాయి
అంచు వంగపండే కదా? కింద అంచూ పై అంచూ కోసుకుంటే రెండు పట్టీలు వస్తాయి.

కుట్టుమిషన్_కుమారి
పక్కకి 7 అంగుళాలు, చేతికి 9. మొత్తం 16 అంగుళాల పట్టీ రావాలంటే చీర పొడవులోంచి 16 అంగుళాలు పోవాలి. ఐదున్నర మీటర్ల చీర, ఆవిడ ఇప్పుడు ఒళ్ళు చేశారు కూడా. కుచ్చిళ్ళకి ఏం మిగులుతుంది? జాకెట్టు కోసం చీర కోయడం నాకు మనసొప్పదు.

చీరాల_చిన్నమ్మాయి
కోసిన చోట మామూలు గుడ్డ అతికించొచ్చు. మా అత్తగారికి అలాగే చేశాను, కట్టుకుంటే తెలియదు. మీకు మనసొప్పకపోతే సరే.

మగ్గం_ఇంటివాడు
మాది ధర్మవరం. నాన్న నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చున్నాడు. చీర కోయొద్దండీ. అంచుకీ ఒంటికీ మధ్య అతుకు దగ్గర కత్తెర పడితే పోగులు జారడం మొదలవుతుంది.

ఇంకో మాట. వంగపండు రంగు అని అంగట్లోకి పోయి ఏ గుడ్డ పడితే అది తేవద్దు. మా వైపు వంగపండు అంటే చాలాసార్లు పడుగు (నిలువు పోగులు) ఎరుపు, పేక (అడ్డు పోగులు) నీలం. రెండూ కలిసి ఆ రంగు కనిపిస్తుంది. జాకెట్టును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి, ఒక వాలున ఎర్రగా, ఇంకో వాలున నీలంగా కొడితే అదే. ఒకే రంగు దారంతో నేసిన గుడ్డ దాని పక్కన పెడితే ట్యూబులైటు కింద కలిసిపోయినట్టే ఉంటుంది, పందిట్లో పగటి వెలుతురుకి వేరుగా తెలుస్తుంది. జాకెట్టు వెంట తీసుకెళ్ళి, కొట్టు బయటికొచ్చి ఎండలో చూసుకోండి. అచ్చంగా కలిసేది దొరక్కపోతే ఒక పిసరు ముదురు రంగు తీసుకోండి, లేతది వద్దు. చంక కింద ముదురు రంగు నీడలా కనిపిస్తుంది, లేతది అతుకులా కనిపిస్తుంది. పడుగు నిలువుగానే ఉండాలి. అడ్డం తిప్పి వేస్తే అదే గుడ్డయినా మెరుపు మారిపోతుంది.

గోదారిగట్టు_పిల్ల
కిటికీ దగ్గర తిప్పి చూశాను. మీరు చెప్పినట్టే ఎరుపూ నీలమూ కొడుతోంది! ఇన్నేళ్ళుగా చూస్తున్నా గమనించలేదు.

వేదుల_వారి_కోడలు
అడ్డు చెబుతున్నానని అనుకోకండి. షష్టిపూర్తి అంటే ఉగ్రరథ శాంతి, హోమం, మళ్ళీ మాంగల్యధారణ. పీటల మీద కొత్త బట్టలే కట్టుకోవాలంటారు మా ఇంట్లో. విప్పి అతికిన జాకెట్టు వేసుకోవచ్చో లేదో పురోహితుణ్ణి అడిగారా?

గోదారిగట్టు_పిల్ల
అడిగామండీ. పీటల మీద మధుపర్కాలు కొత్తవే. ఈ చీర సాయంత్రం బంధువులంతా అక్షింతలు వేసేటప్పుడు. పెళ్ళిలోనూ అమ్మ ఆ వేళకే కట్టుకుందట.

వేదుల_వారి_కోడలు
అయితే చాలా బాగుంది. కానివ్వండి.

ఓరుగల్లు_అరుణ
మా అమ్మ లంగఓణి జాకిట్ మా చెల్లెకు ఇట్లనే చేయించినం. ఒక్క మాట చెప్త, ఇనుండ్రి. కుట్టెటాయనకు ఇచ్చేటప్పుడే "ఒక్క ముక్క గూడ పారెయ్యొద్దు, అన్ని మాకే వాపస్ ఇయ్యాలె" అని చెప్పుండ్రి. మేం చెప్పలే. చేతులు పొడుగున్నయని అంచు పైన రెండంగుళాలు కట్ చేసి ఊడ్చిపారేసిండు. చంకల ఏసేందుకు ఆ ముక్కలే కావాల్నని మాకు తర్వాత తెలిసింది. అమ్మ ఏమనలే గని, ఇంటికొచ్చినంక ఆ జాకిట్‌ను చేతుల పెట్టుకుని చానసేపు కూసున్నది.

పప్పుచారు_ప్రసాద్
అయ్యో. నేను తేలిగ్గా అనేశాను, ఇలాంటివి ఉంటాయని తెలియదు.

కుట్టుమిషన్_కుమారి
పొడవు గురించి ఎవరూ మాట్లాడలేదు. 13 నుంచి 14.5 అంటే కింద బెల్టు ముక్క మార్చాలి. అసలు కష్టం ముందు భాగమే. ఇరవయ్యేళ్ళ అమ్మాయికి ఛాతీ ఆకారానికని గుడ్డ మడిచి వేసిన టక్కుల మొన ఎక్కడుంటుంది, యాభై దాటిన మనిషికి ఎక్కడుండాలి? అంగుళం పైనే కిందికి రావాలి. పక్కల పట్టీలేసి 40 చేసినా, టక్కులు పైనే ఉండిపోతే ముందు వైపు ముడతలు పడి, భుజాలు వెనక్కి లాగేస్తాయి. పక్కల కొలత ఒక్కటే చూసుకుంటే లాభం లేదు.

కత్తెర_మాస్టారు
ఇంతవరకూ చదువుతూ కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళ నుంచి జాకెట్లే కుడుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

చీర కట్టాక జాకెట్టులో బయటికి కనపడేదేమిటి? కుడి చెయ్యి మొత్తం. వీపు. ఎడమ చేతి అంచు. ముందు భాగంలో పైట పోగా మిగిలేది కుడి పక్క కొంచెమే. అంటే అమ్మగారి పెళ్ళి జాకెట్టని చూడగానే తెలియాల్సింది చేతుల్లోనూ వీపులోనూ. జరీ కూడా అక్కడే ఉంది. కాబట్టి ముందు ముక్కలు రెండూ కొత్త గుడ్డతో, అమ్మగారి ఇప్పటి కొలతకి, టక్కులతో సహా కొత్తగా కుట్టండి. కుమారిగారు చెప్పిన బాధ అక్కడితో తీరిపోతుంది.

పాత ముందు ముక్కలు రెండూ పట్టీలకి వాడుకోండి. అవి అదే గుడ్డ, అదే వయసు, అంతే వెలిశాయి. ప్రపంచంలో ఏ కొట్లోనూ అంతకంటే కలిసే గుడ్డ దొరకదు. లెక్క చూడండి. పాత వీపు 16. లోపలి గుడ్డ విప్పితే 17.5. అటొక అంగుళం ఇటొక అంగుళం పట్టీ వేస్తే 19.5. కొత్త ముందు భాగం 20.5. మొత్తం 40. చేతులకి పాతది 10, లోపలిది విప్పితే 11, రెండున్నర అంగుళాల పట్టీ వేస్తే 13.5. పట్టీ కోసేటప్పుడు రెండు వైపులా కుట్టుకి అర అంగుళం చొప్పున కలుపుకోవాలి, అంటే వీపుకి రెండంగుళాలు, చేతికి మూడున్నర వెడల్పు. ఒక్కో ముందు ముక్కలో చేతి పట్టీ ఒకటి, వీపు పట్టీ ఒకటి వస్తాయి. టక్కు గుర్తులు పడ్డ చోటు తప్పించి కోయండి.

చేతి పట్టీ చంక దగ్గర, వీపు పట్టీ కూడా చంక దగ్గర, రెండూ ఒకదానికొకటి ఎదురుగా కలవాలి. అప్పుడు చెయ్యి ఎత్తినా పట్టదు.

కొత్త చేతి అంచులో రెండున్నర అంగుళాల మేర జరీ ఉండదు, చూసుకోండి. అది చంక వైపు లోపలికి వస్తుంది కాబట్టి చెయ్యి దించితే కనపడదు.

కుట్టుమిషన్_కుమారి
మాస్టారూ, పాత ముందు ముక్కల్ని కోసి వాడటం నాకు తట్టనే లేదు. దండం.

మగ్గం_ఇంటివాడు
నాదీ అదే మాట. ఆ కొత్త ముందు భాగానికి మాత్రం పడుగు ఎరుపు, పేక నీలం ఉన్న గుడ్డే వెతకండి.

డల్లాస్_వదిన
మాస్టారి లెక్క సరిపోయింది కానీ ఒక భయం. 1989 పట్టు. చంకల దగ్గర చెమట తగిలి గుడ్డ నీరసించి ఉంటుంది. పైకి బాగానే ఉంటుంది, ఒత్తిడి పడగానే కుట్టు పక్కన చీలుతుంది. మా అమ్మమ్మ పట్టు పరికిణీ మా పెద్దదానికి సరిచేశాను, నడుము దగ్గర కొలతలన్నీ కుదిరాయి. భోజనాలకి కింద కూర్చుంది, పర్రుమని నిలువునా పోయింది. పిల్ల ఏడుపు, నా ఏడుపు.

అప్పటినుంచి ఒకటి పట్టుకున్నాను. లాగుడంతా లోపల లైనింగు మీద పడాలి, పాత గుడ్డ దాని మీద ఊరికే పరుచుకుని ఉండాలి. లైనింగు మల్ గుడ్డతో (పలచని నూలు గుడ్డ), పై జాకెట్టు కంటే ఓ పావు అంగుళం బిగుతుగా కుట్టండి. హుక్కులూ కాజాలూ లైనింగుకే గట్టిగా పట్టాలి. అమ్మ చెయ్యి చాపినా వంగినా ఆ బరువు మల్ గుడ్డే మోస్తుంది.

అసలు విప్పకముందే ఒక పాత కాటన్ గుడ్డతో జాకెట్టంతా కుట్టి అమ్మకి తొడిగి చూడండి. తప్పు పడితే ఆ గుడ్డ మీద పడాలి.

కత్తెర_మాస్టారు
డల్లాస్ వదినగారి మాట నూటికి నూరు పాళ్ళు. దీపం ముందో కిటికీ ముందో జాకెట్టు పట్టుకుని చంకల దగ్గర చూడండి. వెలుగు సన్నని గీతల్లా కనపడితే ఆ చోట గుడ్డ పలచబడినట్టు. అక్కడ లోపలి నుంచి పట్టు ముక్క వేసి చేత్తో టాకాలు వేసుకోవాలి.

సూది_సుందరి
మిషను మీద కుట్టాలా, చేత్తోనా?

కత్తెర_మాస్టారు
కొత్త ముందు భాగం, లైనింగు మిషను మీదే. పాత గుడ్డకి పట్టీ అతికేది మిషనయితే సన్న సూది, 9 నంబరు, కుట్టు కాస్త పొడుగు. దగ్గర దగ్గరగా కుడితే పట్టుకి చిల్లులు పడి, కాగితం చింపినట్టు ఆ గీత వెంటే చిరుగుతుంది.

కుట్టుమిషన్_కుమారి
నేను ఒప్పుకోను మాస్టారూ. పాత పట్టుకి చేతికుట్టే. మిషను పాదం కింద పళ్ళు గుడ్డని లాగుతాయి. పట్టీలు మొత్తం నాలుగే, కూర్చుంటే రెండు సాయంత్రాలు.

కత్తెర_మాస్టారు
తీరిక ఉంటే చేతికుట్టుని కాదనను. దారం మాత్రం పట్టుదో నూలుదో వాడండి. పాలిస్టర్ దారం తాను తెగదు, గుడ్డని కోస్తుంది.

చీరాల_చిన్నమ్మాయి
పాత కుట్టు విప్పితే సూది చిల్లులు కనపడతాయి కదా?

కుట్టుమిషన్_కుమారి
కనపడతాయి. లోపలి వైపు నుంచి గోటితో పోగుల్ని నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి మెల్లగా సర్ది, పైన పలచని గుడ్డ వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేస్తే చాలావరకు మూసుకుంటాయి. పట్టు మీద నీళ్ళు చిలకరించకండి, మరకలు కడతాయి. ఇంకోటి. లోపల దాగిన గుడ్డ వెలిసి ఉండదు. విప్పిన చోట ముదురు గీత వస్తుంది. మనసు సిద్ధం చేసుకోండి.

ఓరుగల్లు_అరుణ
జరీ నల్లబడ్డదని చింతపండు గింతపండు రాయకుండ్రి. మా మేనత్త రాసి మొత్తం ఖరాబ్ చేసింది.

గోదారిగట్టు_పిల్ల
అందరి మాటా కాగితం మీద రాసుకున్నాను. మా పిన్ని దగ్గర మిషనుంది, ఇద్దరం కలిసి చేస్తాం. అయ్యాక వచ్చి చెబుతాను.

గోదారిగట్టు_పిల్ల
నాలుగు వారాలైంది, ఇవాళ రాస్తున్నాను.

ముందు పాత దుప్పటి గుడ్డతో కుట్టి తొడిగితే భుజం దగ్గర అర అంగుళం తేడా వచ్చింది, డల్లాస్ వదినగారు ఆ మాట చెప్పకపోతే అది పట్టు మీదే పడేది. ముందు భాగానికి గుడ్డ మూడో కొట్లో దొరికింది, ఎరుపూ నీలమూ కొట్టేదే, ఒక పిసరు ముదురు. ఎండలోకి తెచ్చి చూస్తుంటే కొట్టు కుర్రాడు కూడా వెనకే వచ్చి నిలబడ్డాడు.

పక్క కుట్టు పిన్ని విప్పింది. మూడు వరసలూ ఊడి మడత తెరుచుకోగానే లోపల ముప్పావు అంగుళం మేర అసలు రంగు బయటపడింది. కుమారిగారు చెప్పినందుకు సిద్ధంగానే ఉన్నాను కానీ ఇంత తేడా ఉంటుందనుకోలేదు. వంగపండు అని ఇన్నాళ్ళూ అన్నది వెలిసిన రంగు. లోపలున్నది నిగనిగలాడే నేరేడుపండు. అమ్మ వచ్చి దాని మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరిదాకా రాసింది. "ఇదే. ఆ రోజు ఇలాగే ఉంది" అంది. ఆ గీత కనపడకుండా పట్టీని దాని మీదికి మడిచి కుడదామని పిన్ని అంటే అమ్మ ఒప్పుకోలేదు. "చెయ్యి ఎత్తినప్పుడు కనపడితే కనపడనీ" అంది. మడిస్తే మాస్టారి లెక్కలో అంగుళంన్నర పోయేది కూడా.

చేతి పట్టీలు, వీపు పట్టీలు నాలుగూ నేనే చేత్తో కుట్టాను. రెండు సాయంత్రాలు కాదు, ఐదు పట్టాయి. ఎడమ చంకలో మాస్టారు చెప్పిన సన్న గీతలు కనపడ్డాయి, లోపల ముక్క వేశాం. పారేసిన ముక్కంటూ ఒక్కటీ లేదు, మిగిలినవన్నీ చీర మడతలో కవరులో పెట్టాను.

మొన్న సాయంత్రం అమ్మ కట్టుకుంది. నాన్న ఒకసారి చూసి, "ఈ జాకెట్టు ఇంకా ఉందా?" అన్నారు. అమ్మ ఆయన మీద అక్షింతలు వేయడానికి చెయ్యి ఎత్తింది, ఆ నేరేడుపండు గీత నాకు కనపడింది. అక్కడ పట్టు ఎక్కడా లాగలేదు.

కత్తెర_మాస్టారు
వీపు దగ్గర ముడత పడిందా?

గోదారిగట్టు_పిల్ల
లేదు మాస్టారూ. కుడి భుజం వెనక చిన్నది, పైట సర్దితే పోయింది.

కుట్టుమిషన్_కుమారి
ఐదు సాయంత్రాలు కూర్చున్నావు చూడు తల్లీ. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

ఓరుగల్లు_అరుణ
అమ్మకు మా అందరి తరఫున దండాలు చెప్పు.

సూది_సుందరి
నేను మా అమ్మ జాకెట్టు ఇవాళే బీరువాలోంచి తీశాను. 34 ఉంది, నాకు 38 కావాలి. లైనింగుకి మల్ గుడ్డ ఎంత తేవాలి?

డల్లాస్_వదిన
మీటరు తెచ్చుకోండి. కోసేముందు ఓ రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి, కొత్త మల్ గుడ్డ ముడుచుకుంటుంది. పక్క కుట్లలో ఎన్ని వరసలున్నాయో చూశారా?